‘ఇక లేరు’కి చోటు చాలలేదు

అన్నయ్యకి నమస్కారం.

ఆయన పోయినప్పుడు నువ్వు రాలేదు. నీకు ఒంట్లో బాగాలేదని వదిన రాసింది, సరే. ఇల్లు బావురుమంటోంది. బాగుచేయమని ఇచ్చిన గడియారాలు కొట్లో ఒక్కొక్కటీ ఒక్కో వేళ చూపిస్తున్నాయి. ఏది నమ్మాలో చెప్పే మనిషి లేడు.

వచ్చే నెల మొదటి ఆదివారం గ్రంథాలయం హాల్లో సభ పెడుతున్నారు. నీ ప్రెస్సులో చిన్న కార్డులు వేసి పంపు. సన్నటి అక్షరాలు, చుట్టూ నల్లగీత. ‘గడియారాల మేస్త్రీ ఇక లేరు. మొదటి ఆదివారం సాయంత్రం గ్రంథాలయంలో సంతాప సభ.’ అంతే.

నీ చెల్లెలు

తా.క. గట్టిగా వేయకు. కొట్లో అలారం మోగినా వచ్చినవాళ్ళకి క్షమాపణ చెప్పుకునే మనిషి ఆయన.

* * *

చెల్లాయికి ఆశీస్సులు.

కార్డులేమిటమ్మా, జేబుల్లో పడి నలిగిపోతాయి. బావకి పోస్టర్లే వేశాను. గోడలకి అంటించే మనిషికి పురమాయించాను కూడా. మన చెక్క అక్షరాలు గుర్తున్నాయా? ఒక్కో గీతా బొటనవేలంత లావు. తలమీదో దిమ్మ, కాళ్ళకిందో దిమ్మ. బరిలో కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డ వస్తాదుల్లా ఉంటాయి. సర్కస్‌కి అవే, కుస్తీలకి అవే, వేలంపాటకీ అవే. సన్నక్షరాలు వానొస్తే ఏడుస్తాయి. ఇవి ఏడవవు.

మీ అన్నయ్య

తా.క. ‘ఇక లేరు’కి చోటు చాలలేదు. ‘సంతాప’కి కూడా. సభకి వచ్చినవాళ్ళకి ఎలాగూ తెలుస్తుందిగా.

* * *

అన్నయ్యకి,

‘గడియారాల మేస్త్రీ! ఆదివారం సాయంత్రం!’ అని గోడలన్నీ అరుస్తున్నాయి. మంగలి కొట్టు పక్కన కుస్తీ పోస్టర్‌ని ఆనించి అంటించారు. “మేస్త్రీగారు ఎవరితో తలపడుతున్నారండీ?” అని అడిగాడు మంగలి. పొరుగూరికి పోయి నిన్ననే వచ్చాడట. “తలపడటం అయిపోయింది బాబూ, ఓడిపోయారు” అన్నాను. సందు చివరి పిల్లలొచ్చి, “గడియారాలు మింగి కడుపులో గంట కొట్టిస్తారట కదా, టికెట్టెంత?” అన్నారు. వాళ్ళ ముందు నవ్వేసి, లోపలికొచ్చి ఏడ్చాను.

మళ్ళీ వెయ్యి. అసలు ముఖ్యమైన మాట ‘ఇక లేరు’. అది తప్పకుండా ఉండాలి.

నీ చెల్లెలు

తా.క. మా తలుపు మీదా ఒకటి అంటించారు. ‘గడియారాల’ ఒక రెక్క మీద, ‘మేస్త్రీ’ ఇంకో రెక్క మీద. తలుపు తీసినప్పుడల్లా ఆయన రెండుగా విడిపోతున్నారు, వేస్తే కలుస్తున్నారు. అందుకని వేసే ఉంచుతున్నాను.

* * *

చెల్లాయికి ఆశీస్సులు.

నిజమే, ముఖ్యమైన మాటే వదిలేశాను. నా బుద్ధి గడ్డి తింది. ఈసారి ‘ఇక లేరు’కి మన దగ్గరున్న వాటిల్లోకెల్లా పెద్ద చెక్కలు తీశాను. అక్షరం మీద అరచెయ్యి పెడితే చెయ్యే చిన్నదైంది. సిరా కూడా దిట్టంగా పట్టించాను. చూసినవాడు ఆగి టోపీ తీయాల్సిందే. సన్నవి వేయమని మీ వదిన గొణుగుతోంది. అంత సన్నగా చెబితే మనిషి పోయాడని ఎవరు నమ్ముతారు?

మీ అన్నయ్య

తా.క. ఈసారి ‘గడియారాల మేస్త్రీ’కి చోటు చాలలేదు. పోయిందెవరో మీ ఊళ్ళో తెలియనివాడెవడు?

* * *

అన్నయ్యకి,

ఎవరికీ తెలియలేదు. ‘ఇక లేరు!’ చూసి ఊరంతా ఒకరినొకరు లెక్కపెట్టుకున్నారు. రొట్టెల కొట్టాయన పడిశం పట్టి కొట్టు తెరవలేదు. ఆయనే పోయాడనుకుని జనం పూలు తెచ్చి గుమ్మంలో పెట్టారు. పాపం, ముక్కు చీదుకుంటూ వీధి వీధీ తిరిగి, బతికే ఉన్నానని చూపించుకున్నాడు. అందరూ సంతోషించారు. నాకే చేతకాలేదు. తిరిగొచ్చి చూపించుకునే భాగ్యం ఆ రొట్టెలాయనకే ఎందుకు పట్టాలి అనిపించింది.

నా పెళ్ళి శుభలేఖ నువ్వే వేశావు, చీమలబారులా ముచ్చటగా. ఆ అక్షరాలేమయ్యాయి? ఆయన చావుకొచ్చేసరికి వేలంపాట అక్షరాలా? ఉత్తరాలు కూడా వదిన చేతే రాయిస్తున్నావు. చెల్లెలికి నాలుగు ముక్కలు రాయడానికి చేతులు రావా? నా దుఃఖం నీకు కనపడటం లేదా?

నీ చెల్లెలు

తా.క. సభకి నువ్వు రావద్దు.

* * *

చెల్లాయికి,

కనపడటం లేదమ్మా. ఏడాదిగా ఏదీ సరిగ్గా కనపడటం లేదు. ముందు సన్నక్షరాలు పోయాయి, తర్వాత మధ్యరకం. చివరికి ఈ దిమ్మల అక్షరాలే మిగిలాయి, అవీ వేళ్ళతో తడిమితేనే. సన్నవాటిలో ‘వ’ ఏదో ‘మ’ ఏదో వేలికి అందదు. నీ ఉత్తరాలు మీ వదినే చదువుతుంది, నేను చెబుతుంటే తనే రాస్తుంది. బావ పోయినప్పుడు రానిదీ అందుకే. గుమ్మంలో తట్టుకుని పడితే, అందరూ ఆయన్ని వదిలేసి నన్ను చూస్తారని.

బావకి మాత్రం తెలుసు. పోయినసారి మీరొచ్చినప్పుడు నా చేతిగడియారం తీసుకుని, అద్దం ఊడదీసి, ముల్లు తాకి వేళ తెలుసుకునేలా చేసిచ్చాడు. నీకు కూడా చెప్పలేదు చూడు. అలాంటి మనిషి పేరు నా అంతట నేను ఒక్కసారి చదువుకోవాలనిపించింది. చెక్కల మీద చెయ్యి పెట్టి చదువుకున్నాను. అది ఊరి మీద పడి అరిచినట్టయింది. ఏమనుకోకు.

మీ అన్నయ్య

తా.క. ఇది మీ వదిన సొంతంగా రాస్తున్నది. సన్నక్షరాలతో కార్డులు నేనే కూర్చాను. ‘మేస్త్రీ’లో ఒక అక్షరం తలకిందులైంది, అలాగే తెస్తున్నాను. ఆదివారం పొద్దున్న బండికి ఇద్దరం దిగుతాం. నువ్వు రావద్దన్న ముక్క ఆయనకి చదివి వినిపించలేదు.