పాసు రాని రోజు ముఖం

కడియం,
6 ఏప్రిల్ 2020.

భీమరాజు గారికి చిట్టియ్య నమస్కారాలు.

ఎండ ముదిరింది. గాలి లేదు. గులాబీలకు రెండు పూటలా నీళ్లు పెట్టి, మందారాల్లో కలుపు తీశాను. లాక్‌డౌన్ పెట్టిన దగ్గరనుంచి మీ నర్సరీలో నేనొక్కణ్నే. ఫోను నీళ్ల తొట్టిలో పడింది. నరసాపురంలో నా భార్య సూర్యకళ ఒక్కతే ఉంది. ఇంటికెళ్లడానికి పాసు ఇప్పించండి.

ఇట్లు,
చిట్టియ్య

తా.క. మీరడిగిన గులాబీని కూరగాయల వ్యాన్ జానకిరామ్‌తో పంపాను. కుండీ మీద ముఖం చూసి ఏమీ అనుకోకండి.

రాజమండ్రి,
9 ఏప్రిల్.

చిట్టియ్యకి,

గులాబీ వాడిపోయింది గాని కుండీ బ్రహ్మాండం. ఆ మిడిగుడ్లు, ఆ ఊడిన ముందుపన్ను! మా ఆవిడ మొక్క పీకేసి, కుండీని కర్రకి బోర్లించి గేటు దగ్గర పెట్టించింది. తలకిందులైతే ఇంకా భయంగా ఉంది. కరోనా ఇటు తొంగిచూడదంది. ఎదురింటివాళ్లూ అడుగుతున్నారు. ఇంకో ఇరవై దిష్టిబొమ్మలు వేసి పంపు. పాసు సంగతి చూస్తున్నాను.

భీమరాజు

తా.క. నవ్వే ముఖాలు వద్దు.

కడియం,
13 ఏప్రిల్.

భీమరాజు గారికి నమస్కారాలు.

అవి దిష్టిబొమ్మలు కావండి. సూర్యకళ. ఇక్కడ మాట్లాడే మనిషి లేడు. కుండీలకు పూసే జేగురు, సున్నంతోనే రోజూ దాని ముఖం వేసుకుని, నీళ్లు పోస్తూ రెండు మాటలు చెప్పుకుంటున్నాను. పాసు రాని రోజు ముఖం కోపంగా వస్తోంది. ఎంత దిద్దినా పోవడం లేదు. ఉన్నవన్నీ జానకిరామ్ మీ మాట మీద వ్యాన్‌లో ఎక్కించుకుపోయాడు. వాటిని ఎవరికీ ఇవ్వకండి. పాసు పంపండి.

చిట్టియ్య

తా.క. ఆ పన్ను నా వల్ల ఊడలేదండి. చెరుకు కొరికితే ఊడింది.

రాజమండ్రి,
17 ఏప్రిల్.

చిట్టియ్యకి,

నీ పెళ్లామని ఎవడికి తెలుస్తుందిరా? పేరు రాయలేదు కదా. జానకిరామ్ ఊరూరా దింపుతున్నాడు. అందరూ కోపంగా ఉన్నవే అడుగుతున్నారు. పాసు చేతికొచ్చింది. ఇప్పుడే పంపితే నీ బొమ్మలు నవ్వుతాయి. ఇంకో రెండు వారాలు ఓర్చుకో.

భీమరాజు

తా.క. ఒకటి ఏడుస్తున్నట్టుంది. వెనక్కి పంపాను. కళ్లు సరిచెయ్యి.

కడియం,
7 మే.

భీమరాజు గారికి,

పాసు నిన్న అందింది. ఇక అక్కర్లేదండి. మా వీధి చివర కడుతున్న మేడకి మన కుండీ ఒకటి పెట్టారట. సూర్యకళ అరుగు మీద లేసు అల్లుతూ మూడు రోజులు దాన్ని చూసిందట. నాలుగో రోజు తల పక్కకి వంచి చూసి, తన ముఖమేనని పోల్చుకుందట. "ఊరికి నా మొహం దిష్టిబొమ్మగా పంపాడా? మనిషి రాకుండా?" అని జానకిరామ్‌ని అడిగిందట. అతనే పాసుతో పాటు ఈ మాటా తెచ్చాడు.

మొక్కలకు నీళ్లు పెట్టాను.

చిట్టియ్య

తా.క. సూర్యకళ మంగళవారం పొద్దున్న ఏడు గంటలకి, తమ్ముడి బండి మీద, పాసు లేకుండా, పుట్టింటికి వెళ్లిపోయింది.