వెనక్కి వచ్చిన గిన్నె

ఫార్మింగ్టన్ హిల్స్,
ఆదివారం.

హంసి తాతయ్యకు నమస్కారాలు. ఇక్కడ నేను, అల్లుడు ఉదయ్, మనవరాలు హంసిక బాగున్నాం. పోయిన రెండు ఉత్తరాల్లోనూ ఇదే మాట రాశాను గాని అప్పుడది అబద్ధం. ఇప్పుడు నిజమే రాస్తున్నాను. చీరాలలో మీరు, బస్టాండు దగ్గర మన టీ బంకు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఫోన్‌లో మీకు సరిగ్గా వినబడదు, నేను గట్టిగా చెప్పగలిగే సంగతీ కాదు. అందుకే ఉదయ్ స్నేహితుడు రఘువీర్ ఊరికి వస్తుంటే ఈ ఉత్తరం అతని చేతికిస్తున్నాను. నాది అయిదో తరగతి చదువు, తప్పులుంటే సర్దుకుని చదవండి.

మీరు అడిగిన వాటికి ముందు జవాబు రాస్తాను. మోకాళ్ళ నొప్పి తగ్గింది. మేధ పచ్చ శాలువా నా దగ్గరే ఉంది, ఉతకలేదు. ఉతకను కూడా. మన బిడ్డ పోయి ఏడు నెలలైనా శాలువాకి ఇంకా దాని వాసనే ఉంది. హంసి నాతో ఎందుకు మాట్లాడదు, ఫోన్ ఇస్తే ఎందుకు పారిపోతుంది అని అడిగారు. దానికి కొంచెం ఆగి చెబుతాను.

అక్కడ టీ ఎలా ఉంటుంది అని కూడా రాశారు కదా. రెండు వారాల కిందట శనివారం జపాన్ వాళ్ళ టీ తాగాను. ఉదయ్ ఆఫీసులో పనిచేసే జపాన్ అతని తల్లి, సచికో అని పెద్దావిడ, చూడవచ్చిన వాళ్ళకి తమ పద్ధతిలో టీ కాచి ఇస్తుంది. పిల్ల ఇంట్లో ముడుచుకుని కూర్చుంటోందని ఉదయ్ మా ఇద్దర్నీ తీసుకువెళ్ళాడు. చాపలు పరిచిన గది. మాటల్లేవు. ముందు ఒక చిన్న తీపి పెట్టారు. ఆవిడ గిన్నె తుడవడం, పచ్చటి పొడి వెయ్యడం, నీళ్ళు పోసి బుల్లి కవ్వం లాంటి వెదురు పుల్లతో కలపడం, అంతా పూజ చేస్తున్నట్టే ఉంది. మీరు గంటలో వంద గ్లాసులు పోస్తారు. ఆవిడకి ఒక్క గిన్నెకే అరగంట పట్టింది. మీరుంటే ఆవిడ చేతిలో గిన్నె లాక్కునేవారు.

పెద్దదాన్నని నాకు మొదట ఇచ్చారు. నా సంగతి మీకు తెలుసు కదా, మీ కంచంలో తప్ప ఎవరి ఎంగిలీ ముట్టను. అలవాటుగా గిన్నె పైకెత్తి నోట్లోకి వంచాను. అది మన టీలా జారేది కాదు, దోసెల పిండిలా చిక్కగా ఉంది. కాసేపు ఏమీ రాలేదు. తర్వాత ముద్దగా వచ్చి గడ్డం మీద, చీర మీద పడింది.

"అమ్మమ్మా, లిప్స్ పెట్టాలి" అని హంసి పకపకా నవ్వింది. ఏడు నెలల తర్వాత విన్నాను ఆ నవ్వు.

సచికో గారు తడిబట్ట ఇచ్చి, ఖాళీ గిన్నెతో ఎలా తాగాలో చూపించింది. హంసి ఆవిడ ఇంగ్లీషు మాట తెలుగులో చెప్పింది. "అందరికీ ఒకటే బౌల్ అట. మూడు సిప్స్ తాగి, తుడిచి, పక్కవాళ్ళకి ఇవ్వాలట." చెబుతుండగానే దాని నవ్వు ఆగిపోయింది. నేను పెదవులు ఆనించి తాగి, తుడిచి, దానికిచ్చాను. అది చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నేను తాగను. నా తర్వాత డాడీ తాగాలి. డాడీకి ఫీవర్ వస్తుంది."

"ఎవరు చెప్పారే నీకు?" అన్నాడు ఉదయ్.

అది నా వైపు చూసింది. నా పేరు మాత్రం చెప్పలేదు. ఎనిమిదేళ్ళ పిల్ల నన్ను కాపాడుతోంది.

ఇక్కడే ఇన్నాళ్ళూ మీ దగ్గర దాచింది చెప్పాలి. మేధకి క్యాన్సర్ మందులు నడుస్తున్నప్పుడు హంసి ఐస్‌ఫ్రూట్ తింటూ వచ్చింది. "నాకో ముక్క పెట్టవే" అని మేధే అడిగి కొరికింది. రెండో రోజు జ్వరం వచ్చింది. అంబులెన్సు ఎక్కిస్తుంటే నాకు ఒళ్ళు తెలియక, గుమ్మంలో నిలబడ్డ పిల్లతో "నీ ఎంగిలి పెట్టావు, మీ అమ్మకి ఏం తెచ్చిపెట్టావో చూడు" అన్నాను. మేధ ఇక తిరిగి రాలేదు. ఆనాటి నుంచి పిల్ల తన గ్లాసు, పళ్ళెం వేరే పెట్టుకుంది. నాన్న ముద్దు పెట్టుకోబోతే మొహం తిప్పేసేది. అమ్మ గురించి అడుగుతారేమోనని భయపడి మీ ఫోన్ అందుకోలేదు. నాకంతా తెలిసి కూడా, నా మాట బయటపడుతుందని నోరు మూసుకున్నాను.

ఆ గదిలో అందరి ముందూ ఉదయ్‌తో చెప్పేశాను. "నేనే అన్నాను నాయనా."

ఉదయ్ పిల్లని దగ్గరికి తీసుకుని, "ఆ ఫీవర్ నీ వల్ల రాలేదు నాన్నా. అమ్మ బ్లడ్‌లోనే వచ్చింది. డాక్టర్ నాకు ఆ రోజే చెప్పాడు" అన్నాడు. నాతో, "మందులకి మేధ నోరంతా చచ్చిపోయింది అత్తయ్యా. ఆ ఐస్‌ఫ్రూట్ ఒక్కటే రుచి తెలిసిందని హాస్పిటల్లో కూడా చెప్పుకుంది. నేనూ మీకు చెప్పలేకపోయాను" అన్నాడు. అల్లుడు నన్ను ఒక్క మాట అనలేదండీ.

నేను హంసితో "నువ్వు తాగి నాకివ్వు. ఏం వస్తుందో నాకే రానీ" అన్నాను. వాళ్ళ పద్ధతిలో గిన్నె ముందుకే పోవాలట, తాగినవాళ్ళ దగ్గరికి వెనక్కి రాకూడదట. సచికో గారికి మా మాటలు తెలియవు, మా ముఖాలు చూసింది. చేత్తో కానివ్వమని సైగ చేసింది. హంసి కళ్ళు మూసుకుని తాగింది. దాని ఎంగిలి నేను తాగాను. వేపాకులా చేదు. తర్వాత ఉదయ్ తాగాడు.

మర్నాటి నుంచి హంసి రోజూ లేవగానే నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేది. తర్వాత వాళ్ళ నాన్న నుదురు చూసేది. నేను కదలకుండా పడుకునేదాన్ని. తొమ్మిది రోజులు చూసింది. పదో రోజు కళ్ళు మూసుకుని చెయ్యి కోసం ఎదురుచూస్తున్నాను. వంటింట్లోంచి కేక వినబడింది, "అమ్మమ్మా, నీ టీ నేను కొంచెం తాగేశా."

మీకు ఫోన్ చేస్తానంటోంది. తాతయ్యకి వినబడదు, గట్టిగా మాట్లాడమని చెప్పాను. నా మీద కోపం ఉంటే నాకు రాయండి, దాని దగ్గర చూపించకండి.

ఇట్లు,
మీ ఇల్లాలు, హంసి అమ్మమ్మ
ఉమామహేశ్వరి