కలిపేసిన పెట్రోల్

సెప్టెంబర్ 2, మంగళవారం

వానలు తగ్గుముఖం పట్టాయి. ఎక్కడ చూసినా గడ్డి మోకాళ్ళ దాకా పెరిగి ఉంది. అంటే మా సీజన్ మొదలైనట్టే.

ఆసుపత్రి సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. ఇరవయ్యో తారీఖు శనివారం నేనూ వదినా లాన్ మొత్తం కోసి చూపించాలట. నచ్చితే ఏడాది కాంట్రాక్ట్ మాదే. నచ్చకపోవడానికేముంది? ఈ చుట్టుపక్కల నాలాగా సమంగా గడ్డి కోసేవాళ్ళు లేరు, వదినలాగా శుభ్రంగా అంచులు కొట్టేవాళ్ళు అసలే లేరు. గొప్పలంటే గొప్పలే. నా డైరీ నా ఇష్టం.

వదినకి మాత్రం ఇది ఒక్క లాన్ సంగతి కాదు. మొగుడితో తెగతెంపులు చేసుకుని పుట్టింటికి వచ్చి ఏడాదయింది. తన అక్కని దూరపు ఊళ్ళో బాబాయి బట్టల కొట్లో కూర్చోబెడతానని మా ఆయన పట్టు పట్టారు. వదినకి ఆ కొట్టు పేరెత్తితేనే మొహం వాడిపోతుంది. చివరికి కాంట్రాక్ట్ వస్తే ఇక్కడే ఉండేటట్టు, రాకపోతే మర్నాడు ఆదివారం పొద్దున్నే రైలెక్కేటట్టు మాట అయింది. ఆయన అప్పుడే టికెట్ కూడా తీసేశారు. అంత తొందర మనిషి.

సెప్టెంబర్ 5, శుక్రవారం

పెట్రోల్ కొన్నాను. మాటిమాటికీ పంపుకి తిరగడం ఎందుకు, ఒకేసారి డ్రమ్ము నింపి పెట్టుకోమని ఆయన సలహా. పెట్రోల్ నిలవ ఉంటే రుచి పెరుగుతుందా అని అడిగాను. నెల దాటితే దాని సత్తువ పోతుంది. పైగా ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది, గాలిలో చెమ్మంతా పీల్చుకుంటుంది. మూడు వారాలకి ఎంత కావాలో అంతే తెచ్చాను.

మూత బిర్రుగా పట్టే ఇనప క్యాన్లు రెండు కొత్తవి తీసుకున్నాను. లాన్ మోవర్‌కి ఉత్త పెట్రోల్. వదిన భుజాన తగిలించుకునే కట్టర్‌కి ఆయిల్ కలిపిన పెట్రోల్, ఆ క్యాన్‌కి ఎర్ర టేపు చుట్టాను. రెండూ వెనక షెడ్డులో, నీడన, వంటగదికి బాగా దూరంగా ఉన్నాయి. పోయిన సీజన్‌లో మిగిలిపోయినది రెండు ప్లాస్టిక్ డబ్బాల్లో ఉంది. దాన్ని కాలవలో పారబోయకూడదు, మెకానిక్‌కి ఇచ్చేయాలి. ప్రస్తుతానికి మూలన పెట్టాను.

సెప్టెంబర్ 9, మంగళవారం

మెకానిక్ దగ్గరికి ఇవాళ కూడా వెళ్ళలేదు. రేపు.

సెప్టెంబర్ 13, శనివారం

అత్తయ్య షెడ్డు సర్దారు. మా అత్తయ్య అయిపోవచ్చిన షాంపూ సీసాని కొత్త సీసా మీద తలకిందులుగా నిలబెట్టి, చివరి బొట్టు దిగేదాకా స్నానాల గదికి కాపలా కాసే మనిషి. ఆవిడ ఏది సర్దినా నాకు వారం రోజులు వెతుకులాటే. కానీ ఇవాళ మెచ్చుకోక తప్పలేదు, షెడ్డు అద్దంలా ఉంది. ప్లాస్టిక్ డబ్బాలు రెండూ కడిగి బోర్లించి ఉన్నాయి. మెకానిక్‌ని పిలిచి ఇచ్చేసినట్టున్నారు. అడగకుండానే పని అయిపోయింది.

సెప్టెంబర్ 16, మంగళవారం

ముసురు. మూడు రోజులుగా మెషీన్లు బయటికి తీయలేదు.

సెప్టెంబర్ 18, గురువారం

ట్యాంకర్ డ్రైవర్లు సమ్మెలోకి దిగారు. పంపులన్నిట్లో నో స్టాక్ బోర్డులే. ఆయన తెల్లారకుండానే క్యూలో నిలబడి స్కూటర్ ట్యాంకు నిండా పోయించుకొచ్చారు. ఆదివారం అక్కని స్టేషన్‌లో దింపాలి కదా అన్నారు, వదిన వింటుండగానే. నాకు ఒళ్ళు మండింది. ముందు శనివారం రానివ్వండి అన్నాను.

షెడ్డులోకి వెళ్ళి క్యాన్లు ఎత్తి చూశాను. నేననుకున్నదానికంటే బరువుగానే ఉన్నాయి. మొత్తానికి బాగానే పొదుపు చేస్తున్నాం.

సెప్టెంబర్ 19, శుక్రవారం, సాయంత్రం

పొదుపూ లేదు, పాడూ లేదు.

రేపటి కోసం ట్యాంకులు నింపి ఒకసారి ఆడించి చూద్దామనుకున్నాం. మోవర్ నాలుగడుగులు వేసి, దగ్గి, ఆగిపోయింది. కట్టర్ అసలు పలకలేదు. ప్లగ్ తుడిచాను, ఫిల్టర్ కడిగాను, చెయ్యి ఊడి వచ్చేలా తాడు లాగాను. వదిన క్యాన్ మూత తీసి వాసన చూసి మొహం చిట్లించింది. పాత వార్నిష్ కంపు.

అత్తయ్య అప్పటికే చాలాసార్లు గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళారు. చివరికి బయటపెట్టారు. అన్నీ సగం సగం డబ్బాలే, నాలుగెందుకని పాతదంతా కొత్త క్యాన్లలో వంపేశారట. ఆయిల్ కలిపినదా, ఉత్తదా అని కూడా చూడలేదట. అంతా పెట్రోలే కదా అనుకున్నారట.

నాకు కోపం నషాళానికంటింది. వదిన మాత్రం మూత నెమ్మదిగా బిగించి, బట్టలు సర్దుకుంటానని లేచింది. ఆ మాట అత్తయ్యకి ఎక్కడ తగిలిందో, గబగబా లోపలికి వెళ్ళారు. కొడుకు స్నానం చేసి వచ్చేలోగా ఆయన చొక్కా జేబులోంచి స్కూటర్ తాళం తెచ్చి నా చేతిలో పెట్టారు. అందులో ఉన్నది కొత్త పెట్రోలే కదమ్మా అన్నారు.

ఇంటి ముందు, ఆరుబయట, చేతి పంపుతో లాగేశాం. మెషీన్లలో పాతదంతా వంపేసి, కార్బురేటర్లు శుభ్రం చేసి, స్కూటర్ పెట్రోల్ పోశాం. కట్టర్‌కి ఆయిల్ నేనే కొలిచి కలిపాను. రెండో లాగుకే పలికింది. ఆ చప్పుడుకి ఆయన తువ్వాలుతో బయటికొచ్చి, ఆదివారం స్టేషన్‌కి దేని మీద వెళ్ళాలని అడిగారు. నడిచి వెళ్ళమన్నారు అత్తయ్య.

సెప్టెంబర్ 20, శనివారం

లాన్ చివర్లో, గోడ పక్కన ఒక చారిక మిగిలి ఉండగా మోవర్ ట్యాంకు ఖాళీ. ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని కత్తెరలతో కోశాం. సూపర్‌వైజర్ చెప్పులు విడిచి లాన్ అంతా తిరిగాడు. కత్తెరతో కోసిన చోటు కనిపెట్టలేకపోయాడు. సోమవారం వచ్చి కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టమన్నాడు.

వదిన భుజాన కట్టర్ దింపకుండానే ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను.

సెప్టెంబర్ 21, ఆదివారం, ఉదయం

రైలు టైమ్ దాటిపోయింది. వదిన ఇంకా నిద్రపోతోంది. అత్తయ్య ఆ గది గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఎవరినీ లేపనివ్వడం లేదు.