ఆమీన్ అంటే గడువు ఆగుతుందా

నాయనా తాలాయ్,

నేను చెప్తుంటే కోడలు బెర్మెట్ రాస్తోంది. ఒక్క మాట మార్చినా ఊరుకోనన్నాను.

మా నారిన్ ఊరి ఆడవాళ్లం తివాచీలు అమ్ముకునే సైటు తెరిస్తే "ఇది నమ్మదగిన చోటు కాదు" అని వస్తోంది. నన్నా నమ్మనిది? పెళ్లిళ్ల కాలంలో కొనేవాళ్లు భయపడి పోతున్నారు.

పనులు గుర్తుచేయడానికి నువ్వు పెట్టిచ్చిన యంత్రం తప్పేం లేదు. సైటు నమ్మదగినదని చూపే సర్టిఫికెట్ గడువు అయిపోతోంది, పొడిగించండి అని రోజూ పొద్దున్నే మా ఫోను గ్రూపులో చెప్పింది. పెద్దలు దీవించినప్పుడు అన్నట్టే మావాళ్లు దానికీ చాచిన చేతుల బొమ్మతో "ఆమీన్" పెట్టారు. గడువు దాటాక ఈ పొద్దున కూడా ఆమీనే!

"మరి పొడిగించలేదేమే?" అంటే, "అందరం ఆమీన్ అన్నాం కదత్తయ్యా, అదే అయిపోతుందనుకున్నా" అంటుంది సైటు చూసుకునే ఈ బెర్మెట్.

ఇకనుంచి ఆ యంత్రం నా గొంతుతో చెప్పాలి. "ఒసే బెర్మెట్, ముందు సర్టిఫికెట్, తర్వాత ఆమీన్!" అని ఫోనులో అరిచి, రికార్డు చేసి పంపుతున్నాను.

సరిగ్గా పడిందో లేదోనని ఒకసారి వినిపించాను. బెర్మెట్ కలం పడేసి కంప్యూటరు దగ్గరికి పరుగెత్తింది. ఈ చివరి ముక్కలు పక్కింటి ఉముత్ రాస్తోంది. నువ్వు చల్లగా ఉండు నాయనా.

ఆమీన్. ఇది నేను చెప్పలేదు, ఉముత్ రాసేసింది.