టీవీ వెనక నాలుగు రంధ్రాలు

తమ్ముడూ,

ఇక్కడ అందరం కులాసానే. ఒక్క హాల్లో టీవీ సంగతే చెప్పలేను.

మీ బావ వెనక గదిలో చెక్కపెట్టె కడుతున్నారు కదా, చిన్నప్పుడు బజార్లో నాణెం వేసి ఆడుకున్న వీడియో గేమ్ లాంటిది. తెరను అందులో బిగించే బ్రాకెట్లు తనే కంప్యూటర్లో గీసి, నీ త్రీడీ ప్రింటర్ మీద తియ్యమని పంపారట. "తెర ఏదండీ?" అంటే, "ఆఫీసులో పాతదొకటి పారేస్తున్నారు, వస్తుందిలే" అన్నారు. ఇంకా రాని తెరకు కొలతలు ఎక్కడివి?

నిన్న దుమ్ము దులుపుతుంటే మా టీవీ వెనక పెన్సిలు గుర్తులు కనిపించాయి. ఆయన గీసిన బొమ్మను ప్రింటు తీసుకున్న కాగితం తెచ్చి ఆనించాను. అందులోని నాలుగు రంధ్రాలూ టీవీ వెనక స్క్రూ రంధ్రాలకు అచ్చు గుద్దినట్టు కుదిరాయి. సాయంత్రం కాఫీ తాగుతూ, "నీ కళ్ళు ఎర్రబడుతున్నాయి, సీరియళ్ళు తగ్గించకూడదూ?" అన్నారు. పెళ్ళయినప్పటి నుంచీ నా కళ్ళకేసి చూడని మనిషి! మధ్యాహ్నాలు నాకున్న తోడు ఆ టీవీ ఒక్కటేనని ఆయనకు తెలియదా?

ఇందులో నీకూ వాటా ఉందేమోనని నా అనుమానం. ఉన్నా సరే, ఒక్క పని చేసిపెట్టు. బ్రాకెట్లలో ఆ రంధ్రాలను వేలి మందం పక్కకు జరిపి తియ్యి. బ్రాకెట్లు కుదరకపోతే ఆయన మళ్ళీ కొలవాలి. ఈసారి నేను టీవీ ముందే కూర్చుని ఉంటాను. "ఏమోయ్, ఇది తీసుకోనా?" అని నోరు తెరిచి అడగక తప్పదు.

అడిగితే ఇచ్చేస్తాను. ఆ మాట మాత్రం ఆయనకు ముందే చెప్పకు.

ఇట్లు,
అక్క