కలెక్టరు గారి పథ్యం

ఫిబ్రవరి 17, మంగళవారం

ఒరే బుడంకాయా,

నీ కలెక్టరు వచ్చాడు.

నీతో చదివిన రూతు పామర్రు నుంచి బుట్టలో పెట్టుకుని బస్సులో తెచ్చింది. వాళ్ళ కుక్క పిల్లల్ని పెడితే ఒకటి నీకని ఎప్పుడో చెప్పి ఉంచావట. పేరు కూడా నువ్వే పెట్టేశావట. ఇంట్లో ఒక కలెక్టరు ఉండాలని మా నాన్న ఆశ, అది నావల్ల ఎటూ కాదు, వీడితో తీరుస్తానన్నావట. రూతు ఆ మాట చెప్పి నవ్వబోయి మొహం అటు తిప్పుకుంది. నేను మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వెళ్ళాను.

ఆ జ్వరం నిన్ను తీసుకుపోయిన వానాకాలం నుంచి ఈ ఇంట్లో నవ్వు లేదు. ఇవాళ మీ నాన్న ఆటో ఆపి లోపలికి వచ్చేసరికి కలెక్టరు ఆయన చెప్పులో కూర్చుని ఒంటేలు పోస్తున్నాడు. మీ నాన్న నవ్వాడు. పళ్ళు కనిపించేలా నవ్వాడు.

రంగు: గోధుమ. ముక్కు: నలుపు. చెవులు: ఒకటి నిలబడింది, రెండోది ఇంకా ఆలోచిస్తోంది. పొట్ట: గట్టిది కాదని రూతు చెప్పి వెళ్ళింది.

ఈ పుస్తకం నీదే. వెనక సగం ఖాళీగా ఉంటే రాస్తున్నాను. ఏడో తరగతితో ఆపిన దాన్ని, తప్పులుంటే నవ్వకు.

ఫిబ్రవరి 18, విభూది బుధవారం

పొద్దున్నే గుడికి వెళ్ళి నుదుట బూడిద పెట్టించుకున్నాం. ఫాదర్ ప్రసంగంలో ఒక మాట చెప్పాడు. ఈస్టరు దాకా ఈ తపస్సు కాలంలో ఇష్టమైన తిండి ఒకటి మానుకోండి. మానుకున్నది దాచుకోకండి, ఆకలిగా ఉన్నవాళ్ళకి పెట్టండి.

దారిలో ముగ్గురం చెప్పేసుకున్నాం. మీ నాన్న సాయంత్రం పునుగులు మానేశాడు. నాయనమ్మ టీలో ముంచుకునే రస్కు మానేసింది. నేను పెరుగు మీద మీగడ.

ఇంటికొస్తే కలెక్టరు గారు గడప దగ్గర వాంతి చేసుకుని, దాని పక్కనే హుందాగా కూర్చుని ఉన్నారు.

పశువుల డాక్టరు జ్ఞానేశ్వరి గారికి చూపించాం. పొట్ట సున్నితమైనదట. పాలు వద్దు. నూనె వద్దు, కారం వద్దు, ఉల్లిపాయ అసలు వద్దు. కొన్నాళ్ళు మెత్తటి అన్నం, తోలు తీసిన కోడి, ఉప్పు కూడా వెయ్యకుండా ఉడికించి పెట్టాలి. అది పడ్డాక కుక్కపిల్లలకి అమ్మే ప్యాకెట్ గింజలు కొద్దికొద్దిగా కలపాలి. ఏ రకమైనా ఒక్కటే ఎంచుకుని దాని మీదే ఉండాలి.

"రోజుకో రుచి చూపించారంటే ఈ పొట్ట తట్టుకోదమ్మా. ఇంత చిన్నదానికి విరేచనాలు ముదిరితే ప్రాణం మీదికొస్తుంది" అంది.

ప్రాణం మీదికి అనే మాట ఇదివరకు ఒక డాక్టరు నోట విన్నాను. ఇంకోసారి వినే ఓపిక నాకు లేదురా.

నిర్ణయం: ఈస్టరు దాకా కలెక్టరు నోట్లోకి డాక్టరమ్మ చెప్పింది తప్ప మెతుకు ఎక్కువ పోదు. మీగడ సరే, నా అసలు తపస్సు ఇదే.

ఫిబ్రవరి 19, గురువారం

గవర్నర్‌పేటలో కుక్కల మేత అమ్మే కొట్టుకి వెళ్ళాను. కొట్టాయన దుర్గాప్రసాద్ ప్యాకెట్లు వరసగా పేర్చాడు. కోడిది, గొర్రెది, సముద్రపు చేపది. అన్నిటి మీదా ఒకే కుక్క బొమ్మ. దానికి ఏ జబ్బూ ఉన్నట్టు లేదు. నా పెళ్ళి చీర కూడా ఇంతసేపు ఎంచలేదు.

కోడి, బియ్యం కలిపింది అంటగట్టాడు. ఇది తిన్న కుక్క ఒళ్ళు అద్దంలా ఉంటుందన్నాడు. మీకు కుక్క ఉందా అని అడిగాను. లేదండి, మా బావమరిదికి ఉంది అన్నాడు.

మధ్యాహ్నం కోడి ఉడికించాను. ఉప్పు లేని కోడి వాసన ఆరని బట్టల వాసనలా ఉంది. కలెక్టరు గిన్నె నాకి, బోర్లించి, కింద కూడా వెతికాడు. నాలుగింటికి మలం గట్టిగా వచ్చింది. ఇంత సంతోషంగా ఈ మాట ఎవరూ రాసి ఉండరు.

ఫిబ్రవరి 20, శుక్రవారం

నాయనమ్మతో గొడవ. తపస్సు కాలంలో, అందులోనూ శుక్రవారం, ఈ ఇంట్లో మాంసం ఉడకదంది. డాక్టరమ్మ చెప్పింది కదా అత్తయ్యా అంటే, డాక్టరమ్మ మన గుడి మనిషా అని అడిగింది.

"కుక్కకి శుక్రవారమేంటత్తయ్యా?"

"మనింటి తిండి తింటున్నాడుగా. మనకేది శుక్రవారమో వాడికీ అదే శుక్రవారం."

పక్కింట్లో ఉడికించి తెద్దామంటే వాళ్ళూ మన గుడివాళ్ళే. ఉత్త అన్నం పెడితే కలెక్టరు మూతి తిప్పాడు. కుయ్యోమంటూ తిరుగుతుంటే నాయనమ్మకే జాలేసింది. చేప శుక్రవారం చెల్లుతుందని తన పులుసులోంచి ఒక ముక్క తీసి, ముళ్ళు ఏరి, మూడుసార్లు కడిగి పెట్టింది.

సిలువ మార్గం ప్రార్థనకి వెళ్ళొచ్చేసరికి నా కుట్టుమిషను కింద, మంచం కింద, కుట్టి మడతపెట్టిన ఎవరి జాకెట్టు మీదో... వద్దులే, రాయను.

ఇవాల్టిది లెక్కలోకి రాదు. శుక్రవారం దేవుడిది.

ఫిబ్రవరి 23, సోమవారం

తేరుకున్నాడు. నాయనమ్మతో ఒప్పందం కుదిరింది. గురువారమే ఉడికించి ఫ్రిజ్‌లో పెడతాను. ఉడికేది గురువారం, శుక్రవారం తినేది కుక్క, కాబట్టి క్రైస్తవులెవరూ తప్పు చెయ్యనట్టే. నాయనమ్మ చాలాసేపు ఆలోచించి సరేనంది. గింజలు కూడా గుప్పెడు కలిపాను. తిన్నాడు.

రాత్రి నాకు ఎప్పటిలాగే అన్నం దిగలేదు. సగం కంచం పక్కకి పెట్టాను. కలెక్టరు నా కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. వాడు కంచం వైపు చూడలేదురా, నా మొహం వైపు చూశాడు. మీగడ గిన్నె పక్కనే ఉంది. మానుకున్నది ఆకలిగా ఉన్నవాళ్ళకి పెట్టమన్నారు కదా.

వేలితో ఒక్క రవ్వ. డాక్టరమ్మ పాలు వద్దంది. మీగడ గురించి ఏమీ అనలేదు.

ఫిబ్రవరి 26, గురువారం

మళ్ళీ పలచగా. మీగడ వల్ల కాదు, అంత రవ్వ ఏం చేస్తుంది.

నాకు అనుమానం ఉన్నవి: కొత్త బియ్యం. కుళాయి నీళ్ళు. దుర్గాప్రసాద్ బావమరిది.

బియ్యం మార్చాను. నీళ్ళు కాచాను. గింజలు మార్చి చేపవి తెచ్చాను. నేనప్పుడే అనుకున్నానండి అన్నాడు దుర్గాప్రసాద్. ఏమనుకున్నాడో చెప్పలేదు.

మార్చి 1, ఆదివారం

చేపవి పడలేదు. గొర్రెవి తెచ్చాను. మనకంటే ఎక్కువ రకాలు తింటున్నాడని మీ నాన్న అన్నాడు. అంటూ నా వైపు చూడలేదు.

ఒక వింత. నేను పెట్టే పథ్యం గిన్నెలో సగం అలాగే మిగిలిపోతోంది. పొట్ట చూస్తే డోలులా ఉంది.

మీగడ: ఇవాళ వేలితో కాదు, చెంచాతో. ఆదివారాలు తపస్సు లెక్కలోకి రావని ఫాదరే చెప్పాడు.

మార్చి 4, బుధవారం

కలెక్టరు లేవలేదు. నీళ్ళ గిన్నె మూతి దగ్గర పెట్టినా నాలుక చాపలేదు. కళ్ళు లోపలికి పోయాయి. నిలబడే చెవి కూడా వాలిపోయింది.

మీ నాన్న ఆటోలో ఎక్కించుకున్నాడు. నాయనమ్మ జపమాల పట్టుకుని ముందే ఎక్కి కూర్చుంది. వాణ్ణి నా ఒళ్ళో పెట్టుకున్నాను. బరువే లేడు.

డాక్టరమ్మ కాలికి సూది గుచ్చి సెలైన్ పెట్టింది. ఆ వేలాడే సీసా వైపు చూడలేక మీ నాన్న గోడకి తిరిగి నిలబడ్డాడు. ఏం పెట్టారని ఆవిడ అడిగింది. మీరు చెప్పిందేనండి అని ముగ్గురం ఒక్కసారే అన్నాం. ఆవిడ కళ్ళద్దాలు తీసింది. అప్పుడే కలెక్టరు బల్ల మీద కక్కాడు. అందులో నూనె తేలుతోంది.

"ఎవరు పెట్టారో నాకక్కర్లేదమ్మా. ఏం పెట్టారో చెప్పండి, దాన్నిబట్టి మందు వెయ్యాలి."

మొదట నేను చెప్పాను. మీగడ. తర్వాత నాయనమ్మ. రోజూ మధ్యాహ్నం రస్కు, మెత్తగా ఉంటుందని పాలలో నానబెట్టి. ఫాదర్ పెట్టమంటేనే పెట్టానని జపమాల చూపించింది. మీ నాన్న గోడ వైపు నుంచి తిరగలేదు. మానేశానన్నాడు గానీ సాయంత్రం అయ్యేసరికి పునుగుల బండి దగ్గర ఆటో దానంతటదే ఆగుతోందట. పొట్లం కట్టించుకుని, మెట్ల మీదే వీడికి పెట్టేసి లోపలికి వచ్చేవాడట.

"అది వాడి పొట్లం కదే అమలా. అది లేకుండా ఇంటికెట్లా రాను?"

అవును, అది నీ పొట్లం. రోజూ సాయంత్రం నువ్వు గుమ్మంలోనే లాక్కునేవాడివి. రస్కు నాయనమ్మ టీలోంచి లాక్కునేవాడివి. మీగడ విషయంలో నువ్వు పిల్లితో సమానం. మేం ముగ్గురం ఏదో మానుకున్నామని గొప్పగా చెప్పుకున్నాం గానీ, నువ్వు పోయిన దగ్గర్నుంచి అవి మాకు గొంతు దిగితే కదా. దిగనిది దేవుడికి ఇచ్చేశాం. నీ వాటా మొత్తం పట్టుకెళ్ళి, ఒకరికి తెలియకుండా ఒకరం, గుప్పెడంత పొట్టలో పోశాం. ఇరవయ్యేళ్ళ మగపిల్లాడి తిండి.

డాక్టరమ్మకి నీ సంగతి చెప్పాను. ఆవిడ సూది సర్దింది. తర్వాత అడిగింది.

"మీరు ముగ్గురూ ఏం తింటున్నారు?"

నాయనమ్మ జపమాల మడిచి కొంగున కట్టుకుంది.

"ముందు మీరు తినండమ్మా. మీ కంచాల్లో మిగలకపోతే దీని పొట్ట దానంతటదే బాగుపడుతుంది."

మార్చి 6, శుక్రవారం

నిన్న ఇంటికి తెచ్చాం. నీళ్ళు తాగాడు. చెవి లేచింది. వాలిందే లేచింది, రెండోది ఇంకా ఆలోచిస్తూనే ఉంది.

ఇవాళ పొద్దున్నే ఆరని బట్టల వాసన వస్తే, ఏ గుడ్డలు మర్చిపోయానా అని వెతికాను. వంటింట్లో నాయనమ్మ. పొయ్యి మీద కోడి. నిన్నటి హడావిడిలో గురువారం ఉడికించడం మర్చిపోయాను. శుక్రవారం కదా అత్తయ్యా అన్నాను.

"నాకు తెలుసులే. ఆయనతో నేను మాట్లాడుకున్నాను. నువ్వు పోయి జాకెట్లు కుట్టుకో."

మార్చి 9, సోమవారం

సాయంత్రం మీ నాన్న పొట్లం తెచ్చాడు. దాచలేదు. మెట్ల మీద కూర్చుని విప్పాడు. కలెక్టరు ఎదురుగా కూర్చుని తోక ఊపాడు. మీ నాన్న ఒకటి తన నోట్లో వేసుకున్నాడు. ఇంకోటి. తర్వాతది చేతిలోనే ఆగిపోయింది. నాయనమ్మ రస్కు టీలో ముంచుతూ, తినరా శౌరీ, చల్లారిపోతాయి అంది. తిన్నాడు. పొట్లం కాగితం నలిపేదాకా తిన్నాడు.

ఈ తపస్సు కాలానికి మా లెక్క తిరగబడింది. మానుకోవడం మాకు కష్టం కాదు. తినడమే కష్టం. అందుకని అదే చేస్తున్నాం. ఫాదర్‌కి ఎలా చెప్పాలో నాయనమ్మ చూసుకుంటుంది.

రాత్రి నేను పెరుగన్నం కలుపుకున్నాను. మీగడతోనే. మొదటి ముద్ద మింగడానికి చాలాసేపు పట్టింది. కలెక్టరు తన గిన్నె ముట్టుకోకుండా నన్నే చూస్తున్నాడు. నేను మింగాక తలవంచి తన అన్నం, కోడి, నాలుగు గింజలు తిన్నాడు. మళ్ళీ ఆ మొదటి ప్యాకెట్టే, ఇక మార్చను. నేనో ముద్ద, వాడో ముద్ద. గిన్నె ఖాళీ. కంచం ఖాళీ.

నిన్న అన్నం తిన్నాక చెయ్యి కడుక్కోకుండా వాడి పక్కన కూర్చున్నాను. వేళ్ళు వాడే నాకాడు, నేను పెట్టలేదు. అయినా ఎందుకొచ్చిన గొడవని నిన్నటిదాకా లెక్క కొట్టేశాను. ఇవాళ మొదటి రోజు. ఈస్టరు దాకా డాక్టరమ్మ చెప్పింది తప్ప మెతుకు ఎక్కువ పోదు.

నీ వాటా మేమే తినేస్తున్నాం రా బుడంకాయా, ఏమనుకోకు. అక్కడ ఏం పెడతారో నాకు తెలీదు. ఏది పెట్టినా వంకలు పెట్టకుండా, వేళకి, శుభ్రంగా తిను.