మచ్చ కాయకు కాదు, నా పంటికి

జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారి గారి సముఖమునకు,

నూజివీడు మామిడి యార్డులో కమిషన్ వ్యాపారి బసవపున్నారావు వ్రాసుకొను అర్జీ.

విషయం: లైటు వేసి క్రిములను చంపు వైద్యము పేరిట నా ముందు పంటిని నీలముగా మార్చి, దానిపై పెట్టిన ఫిల్లింగు నిలువకుండా చేసి, తదుపరి ఆ సంగతి పదిమందిలో ఒప్పుకొనుటకు నిరాకరించుచున్న దంతవైద్యుడు రాజీవ్ పై తగు చర్య కోరుట గురించి.

అయ్యా,

ముందుగా నా పన్ను సంగతి తమకు తెలియవలెను. తెలియనిచో ఈ అర్జీ ఒక ముసలివాడి పంటి నొప్పి గోలగా కనిపించి, తమ బల్ల మీద అడుగున పడును.

ఆవకాయ పెట్టే కాయకు టెంక ముదరాలి. రైతు ముదిరిందంటాడు, కొనేవాడు లేదంటాడు. కోసి చూపించినా ఇద్దరూ ఆ ముక్కలు చేత్తో పట్టుకుని వాదించుకుంటారు. అప్పుడు నన్ను పిలుస్తారు. నేను రాశిలోంచి ఒక కాయ తీసి, తుడిచి, కొరుకుతాను. పై పన్ను టెంకకు తగిలిన తీరును బట్టి ముదురో లేతో, పులుపు ఎంతుందో చెబుతాను. ఆ తరువాత ఇరువైపులా మారుమాట ఉండదు. మా నాన్న కూడా ఇలాగే చెప్పేవాడు. నాకున్న ఆస్తి ఈ నోరే. ఇక ఫిర్యాదులు.

1. సదరు పంటికి పుచ్చు పట్టినందున నేను సదరు రాజీవ్ గారి క్లినిక్కుకు వెళ్లితిని. ఆయనను 'గారు' అనుట ఇదే ఆఖరు. ఆయన పుచ్చు గీకి, అందులో నీలి మందు పోసి, ఎర్ర లైటు వేసెను. మందు మీద లైటు పడగానే క్రిములు చచ్చునని చెప్పెను. అటుపిమ్మట తెల్లటి ఫిల్లింగు పెట్టి, అది గట్టిపడుటకు నీలి లైటు వేసెను. ఈ రెండు లైట్ల మధ్య ఆ నీలి మందును శుభ్రంగా కడగవలసి ఉన్నది. ఆ సమయంలో ఆయన ఏమి చేయుచుండెనో తమరు అడిగి తెలుసుకొనగలరు. తన ఫోనులో నా నోటిని వీడియో తీయుచుండెను. "జిల్లాలో ఈ లైటు మా దగ్గరే ఉంది, కొంచెం నవ్వండి బాబాయ్ గారూ" అనెను. నోరంతా తిమ్మిరి పట్టి ఉండగా ఎలా నవ్వాలో ఆయనే చెప్పాలి.

2. కొద్ది రోజులకే పన్ను నీలి రంగుకు తిరిగినది. అడుగగా "కొన్నాళ్లకి అదే పోతుందండీ" అన్నాడు. మందు పనిచేయుటకు లైటు కావలెనని ఆయనే చెప్పి ఉన్నాడు గనుక, లోపల మిగిలిన మందుకు ఎండ తగిలితే పని పూర్తయి రంగు విరుగునని తలచి, నేను ప్రతి మధ్యాహ్నం మా డాబా మీద మాగాయ ముక్కలు ఎండబెట్టిన చాప పక్కన, నోరు తెరుచుకుని సూర్యునికి ఎదురుగా కూర్చుంటిని. మాకు తెలిసినంతలో ఎండకు బాగుపడని వస్తువు లేదు. నా భార్య పద్మ "మంచిదేలెండి, ముక్కలకి కాకుల కాపలా తప్పింది" అన్నది. పెదవులు పగిలినవి. పన్ను నీలము మాత్రం అలాగే ఉన్నది.

ఈ సంగతి తెలిసినది మొదలు డాక్టరు అదే పట్టుకుని వేలాడుచున్నాడు. "ఎండలో కూర్చోమని నేను చెప్పానా?" అంటాడు. కూర్చోవద్దని చెప్పాడా? ఎండకు ఫిల్లింగులు ఊడేటట్లయితే మే నెలలో మా తోటల్లో కాయ కోసే కూలీల నోళ్లన్నీ ఖాళీ అయ్యేవి.

3. విజయవాడలో కల్యాణి గారు అనే దంతవైద్యురాలికి చూపించితిని. ఆమె ఓపికగా చెప్పినది: "వైద్యం మంచిదేనండీ, తప్పు లైటుది కాదు. ఆ నీలి మందు పూర్తిగా కడక్కపోతే పంటికి రంగు పట్టేస్తుంది. దాని మీద పెట్టిన ఫిల్లింగుకి పట్టు కూడా తగ్గొచ్చు. దుమ్ము తుడవని గోడకి సున్నం వేస్తే నిలుస్తుందా?" ఇంత చిన్న మాట మన డాక్టరు చదువులో లేదా? ఉంటే ఆ రోజు ఎక్కడ పెట్టి వచ్చాడు?

4. ఇక అసలు అన్యాయము. రెడ్డిగూడెం రైతు సుసన్నా గారు ఆవకాయకని పచ్చి చిన్న రసాలు యార్డుకు తోలించారు. పచ్చళ్ల కంపెనీ తరఫున కొనడానికి వచ్చిన అభిషేక్ అనే కుర్రవాడు టెంక లేతగా ఉందన్నాడు. ఆవిడ "పున్నారావు గారు కొరికి చెప్తారు, ఆయన మాటే నా మాట" అన్నారు. నేను కొరికితిని. టెంక ముదిరే ఉన్నది. ఆ మాట చెప్పుటకు నోరు తెరిచేలోపు ఫిల్లింగు ఊడి కాయలో దిగబడినది. దాని చుట్టూ నీలి మరక.

"ఏంటండీ ఇది? కాయ లోపల నీలం ఏంటి?" అన్నాడు అభిషేక్.

"అది కాయది కాదు బాబూ, నా పంటిది" అన్నాను.

"పన్ను నీలంగా ఉంటుందా ఎక్కడైనా?"

ఉంటుందని నోరు తెరిచి చూపించాను. అది నేను చేయకుండా ఉండవలసింది. "చూశారా! ఏం మందు కొట్టారో ఏమో, కాయ కొరికితే ఈయన పన్ను కూడా నీలమైపోయింది!" అని అరిచాడు. ఆ కాయను, నా నోటిని కలిపి ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. సాయంత్రానికి అది విస్సన్నపేట దాకా వెళ్లింది. సుసన్నా గారి కాయను ముట్టుకున్నవాడు లేడు. గట్టిగా మాట్లాడే ఆవిడ ఆ రోజు తానే పరదా తెచ్చి రాశి మీద కప్పుకున్నారు.

5. నేను క్లినిక్కుకు పరుగెత్తి, డబ్బు వాపసు వద్దు, పన్ను బాగుచేయవద్దు, యార్డుకు వచ్చి ఈ నీలం తన మందుదేనని ఒక్క మాట చెప్పమని చేతులు పట్టుకుంటిని. "నేనొచ్చి చెప్తే రేపు నా దగ్గరికి ఎవరొస్తారండీ? సీజన్ అయిపోతే అందరూ మర్చిపోతారు లెండి" అన్నాడు. అయ్యా, మాకు సీజన్ అయిపోవుట అంటే సంవత్సరం అయిపోవుట. ఈ మాట మామిడిపండు తిని పెరిగిన ఏ మనిషీ అనడు. నాకు ఆ క్షణాన అతని నోట్లోనే నీలి మందు పోయాలనిపించినది. పోయలేదు. దీనిని నా సత్ప్రవర్తనగా పరిగణించగలరు.

కావున తమరు దయయుంచి, సదరు డాక్టరును యార్డుకు రప్పించి, వేలం జరుగు వేళ అందరూ వినునట్లు, "మచ్చ నా మందుది, కాయది కాదు" అని అతని నోటితోనే చెప్పించవలెను. ఇకపై లైటు వేయుటకు ముందే రంగు పట్టు సంగతి రోగికి చెప్పునట్లును, మందు కడిగిన పిమ్మటే ఫిల్లింగు పెట్టునట్లును, ఆ వేళ ఫోను సొరుగులో ఉండునట్లును ఉత్తర్వులు ఇవ్వవలెను. నా పన్ను కల్యాణి గారు చూసుకుంటారు. దాని గురించి తమరు శ్రమ పడనక్కరలేదు.

కోపంలో మాట తూలిన చోట్లు దాటవేసి, నిజమున్న చోట్లు చిత్తగించవలెను.

తమ విధేయుడు (తమకు మాత్రమే),
బసవపున్నారావు

తా.క.: అర్జీ కవరులో పెడుతుండగా సుసన్నా గారు యార్డుకు వచ్చారు. కాయలు పరదా కిందే ముగ్గిపోయాయట. తిట్టడానికి వచ్చారనుకుని లేచి నిలబడ్డాను. ఆవిడ సంచిలోంచి ఒక రసం పండు తీసి నా చేతిలో పెట్టారు. రసాన్ని మేము కత్తితో ముట్టుకోము. పిసికి మెత్తగా చేసి, ముచ్చిక దగ్గర ముందు పళ్లతో కొరికి ఊసేసి జుర్రుకుంటాము. ఆవిడ కత్తితో ముచ్చిక తీసేసి తెచ్చారు. "మీరు కొరకలేరు కదండీ, అందుకని" అన్నారు. మా ఇళ్లల్లో పళ్లు రాని పిల్లలకు అలా ఇస్తారు.

అక్కడే నిలబడి తిన్నాను. ఏడుపొచ్చింది, దాచుకోలేదు. రసం చొక్కా మీద కారింది. "ఎలా ఉందండీ?" అని అడిగారు. ఎప్పుడూ చెప్పినట్టే అందరికీ వినపడేలా చెప్పాను. చుట్టూ వ్యాపారులు ఉన్నారు, ఒక్కడూ తలెత్తి చూడలేదు.

అయ్యా, పండు చాలా బాగుంది. తమరైనా నమ్మండి.